మా జమ్మలమడుగు పాత బ్యాంకు మిద్దె: ఒక బేల్దారి రివ్యూ

నేను బేల్దారి మేస్త్రీని, అంటే గోడలు కట్టే తాపీ మేస్త్రీని. ముప్పై ఏళ్లుగా ఇదే పని. మా నాయన, జేజినాయన కూడా బేల్దార్లే. బంగారు లోను రెన్యువల్ కోసం పోయిన వారం ఈ బ్రాంచికి వెళ్లాను. పని అరగంటలో అయింది, టోకెన్ వరుసలోనే పిలిచారు, క్లర్కమ్మ మర్యాదగా మాట్లాడింది. సర్వీసు గురించి అంతే. మిగతాదంతా బిల్డింగు గురించే రాస్తాను, ఎందుకంటే దాని గురించి ఎవరూ రాయరు.

ఇది బ్యాంకు కోసం కట్టింది కాదు. ఒక బట్టల షావుకారు మిద్దె. 1969 జూలై 19న 14 బ్యాంకులను జాతీయం చేశాక మాలాంటి ఊళ్లకు బ్రాంచీలు వరసగా వచ్చాయి. కొత్తవి కట్టుకునేదాకా ఆగకుండా ఇలాంటి మిద్దెలనే బాడుగకు తీసుకున్నారు. షావుకారు సరుకు దాచుకున్న లోపలి కొట్టుగదే ఇప్పుడు స్ట్రాంగ్ రూమ్. దాని గోడకు నా మోచెయ్యి ఆనించి కొలిచాను. మూరన్నర దాటింది. దానికి గోద్రెజ్ ఇనుప తలుపు ఒక్కటి బిగిస్తే సరిపోయింది.

బయట ఎండ నెత్తి మాడుస్తోంది. గడప దాటగానే ఒళ్లు చల్లబడింది. ఏసీ మేనేజరు గదిలో మాత్రమే ఉంది, హాల్లో ఉన్నవి ఫ్యాన్లే. ఆ చల్లదనం గోడలది, పైకప్పుది. రెండో కౌంటరు దగ్గర నిలబడి తల పైకెత్తి చూడండి. టేకు దూలాలు, వాటి మీద జానెడు ఎడంలో దంతెలు అనే సన్నటి అడ్డకర్రలు, దంతెల మీద సన్నటి ఇటుకలు. ఆ ఇటుకలను పడుకోబెట్టలేదు, అంచు మీద నిలబెట్టి ఏటవాలుగా పేర్చారు. దీన్నే మద్రాస్ టెర్రస్ అంటారు. ఆ ఇటుకల పైన, మనకు కనపడనిచోట, ఇటుక ముక్కలు కలిపిన సున్నం మందంగా పరిచి ఉంటుంది. ఆ సున్నాన్ని రోజుల తరబడి కొట్టాలి. ఆడవాళ్లు వరుసగా కూర్చుని, కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీళ్లు చిలకరిస్తూ, కొయ్య పలకలతో కొట్టేవాళ్లు. మా జేజి ఆ పని చేసింది. పలక దెబ్బ మెత్తగా పడినంతకాలం ఆపకూడదని, రాయి మీద కొట్టినట్టు టంగుమంటే అప్పుడు లేవాలని చెప్పేది. ఈ మిద్దె మీద కొట్టినవాళ్లెవరో నాకు తెలియదు గానీ, హాల్లో ఎక్కడా ఒక్క చెమ్మ మరక కనపడలేదు.

నేల కడప బండ. ఎర్రగుంట్ల దిక్కు గనుల్లో దొరికే నల్ల నాపరాయి. బండకూ బండకూ మధ్య గోరు దిగదు. క్యాష్ కౌంటరు ముందు, మనం నిలబడే చోట, బండ అరచేతి వెడల్పున గుంటపడి అద్దంలా మెరుస్తోంది. ఇన్నేళ్ల జనం కాళ్ల పాలిష్ అది.

మెట్ల మలుపులో ఒక ఇనుప గర్డరు చేతికందేంత ఎత్తులో ఉంది. రంగుల కింద అక్షరాలు తగిలితే కూడబలుక్కుని చదివాను: డార్మన్ లాంగ్, మిడిల్స్‌బరో, ఇంగ్లాండ్. సిడ్నీ హార్బర్ వంతెన కట్టిన కంపెనీ అదే. అప్పట్లో మా ఊరికి రైలు లేదు. కాబట్టి ఓడలో మద్రాసు చేరి, ఎర్రగుంట్ల దాకా రైల్లో, అక్కడి నుంచి ఎద్దుల బండి మీద వచ్చి ఉండాలి.

ఒక స్టారు తగ్గించింది ఉత్తరం గోడ వల్ల. ఎవరో కాంట్రాక్టరు నడుమెత్తు దాకా పాత సున్నం గీకేసి సిమెంటు పూశాడు. డంగు సున్నం, అంటే ఇసుక కలిపి గానుగలో నూరిన సున్నం, పూసిన గోడ నేలలోని చెమ్మను పీల్చినా గాలికి వదిలేస్తుంది. సిమెంటు దాన్ని బయటికి పోనివ్వదు. ఆ చెమ్మ లోపలే ఉండి పైకి ఎక్కుతుంది, ఉప్పును కూడా తీసుకుపోతుంది. అందుకే సిమెంటు ఆగిన గీతకు పైన గోడ చౌడెక్కి పొట్టు రాలుతోంది. వేలితో తట్టాను, డొల్ల శబ్దం వచ్చింది. నాకు చాలా బాధేసింది. సున్నమైనా సిమెంటైనా మన సున్నపురాయి నుంచే వస్తాయి. సుమారు 900 డిగ్రీల్లో ఒక్క రాయినే కాలిస్తే సున్నం, మట్టి కలిపి 1450 డిగ్రీల దాకా కాలిస్తే సిమెంటు. రెండూ మంచివే, కానీ ఈ గోడకు సిమెంటు పనికిరాదు.

మేనేజరు సార్‌కు చెప్పాను. పెయింటు వేయించి, పైన ఫాల్స్ సీలింగ్ పెట్టించే ఆలోచన ఉందన్నారు. "సార్, ముందు ఆ సిమెంటు తీయించండి. గోడను ఒక ఎండాకాలం ఆరనిచ్చి సున్నమే పూయించండి. సీలింగ్ మాత్రం వద్దు, పైన దూలానికి చెదలు పట్టినా కనపడదు" అన్నాను. ఆయన విసుక్కోలేదు. లేచి వచ్చి, నేను తట్టినచోటే తనూ తట్టి చూశారు. ఓనరుతో మాట్లాడతానని నా ఫోన్ నంబరు రాసుకున్నారు.

డంగు సున్నం పని తెలిసిన పెద్ద మేస్త్రీలు మా వీధిలో ఇంకా ఇద్దరున్నారు. పిలుపు వస్తే ముగ్గురం వెళతాం. పెన్న ఇసుక జల్లెడ పట్టడం నుంచి మొదలుపెట్టాలి.