దుబారా, విలాసం, ఆడంబరం: ఎక్స్‌ట్రావగెన్స్‌కు ఏ మాట మేలు?

హద్దు మీరిన ఖర్చును చెప్పే ఎక్స్‌ట్రావగెన్స్ అన్న ఇంగ్లీషు మాటకు తెలుగులో ఒకరు విలాసం అని రాస్తారు, ఒకరు ఆడంబరం అంటారు, పత్రికలు దుబారా అంటాయి. మూడూ ఒకటే అనుకుని ఏదో ఒకటి వేసి ముందుకు పోవడం నాకు నచ్చదు. ఆ మాట పుట్టుక చూస్తే ఎంపిక తేలికవుతుంది.

లాటిన్‌లో ఎక్స్‌ట్రా అంటే వెలుపల, వగారీ అంటే తిరుగాడడం. గిరి దాటి తిరగడమే దీని మూలార్థం. దేశదిమ్మరికి ఇంగ్లీషులో ఉన్న వాగబాండ్ అన్న పేరూ ఆ ధాతువు బిడ్డే. షేక్స్‌పియర్ 'హామ్లెట్'లో కోడి కూయగానే తన చోటికి పరుగెత్తే ప్రేతాత్మకు ఎక్స్‌ట్రావగెంట్ అన్న విశేషణమే వాడాడు. అక్కడ డబ్బు ఊసే లేదు. ఖర్చు అర్థం తర్వాత వచ్చి స్థిరపడింది.

ఈ పోకడకు అచ్చంగా సరిపోయే మాట మన పంచాంగాల్లో ఉంది. గురుగ్రహం ఒక రాశిలో ఉండవలసిన కాలం పూర్తికాకముందే తర్వాతి రాశిలోకి దాటితే అతిచారం అంటారు. అతి అంటే దాటి, చారం అంటే నడక. ఎక్స్‌ట్రావగెన్స్‌ను ముక్కలు చేసి తెలుగులో పేర్చినా ఇదే వస్తుంది! అయితే ఖర్చుకు ఆ మాట వాడితే ఎవరికీ అర్థం కాదు. కాబట్టి ఆ మూడింటి దగ్గరికే రావాలి.

ఆడంబరం సంస్కృతంలో ఒక రకం భేరికి పేరు. ఆ మోత ఇంకా మాటలో ఉంది. చూసేవాళ్ళు, వినేవాళ్ళు లేకపోతే ఆడంబరం లేదు. ఒంటరిగా గదిలో కూర్చుని ఆస్తి తగలేసేవాడికి అది నప్పదు. విలాసానికి అనుభవించే సుఖం కావాలి. అది లగ్జరీకి జోడీ. మధ్యయుగపు ఇంగ్లీషులో లగ్జరీ అంటే కామం, ఏడు మహాపాపాల్లో ఒకటి. ఇప్పుడు మన ఆర్టీసీ బస్సు మీద సూపర్ లగ్జరీ అని రాసి ఉంటుంది. మాటల ప్రయాణం ఎంత దూరమో చూడండి. దుబారాకు చూసేవాళ్ళూ అక్కర్లేదు, సుఖమూ అక్కర్లేదు. ఎవరూ లేని గదిలో ఫ్యాను తిరుగుతున్నా కరెంటు దుబారానే. నష్టం ఒక్కటే దాని గుర్తు.

మూడింటినీ ఒకే కథ మీద పరీక్షిద్దాం. బైబిల్‌లో లూకా సువార్త 15వ అధ్యాయంలో చిన్న కొడుకు తన వాటా పుచ్చుకుని, దూరదేశం పోయి అంతా పోగొట్టుకుంటాడు. ఇంగ్లీషులో అతను ప్రాడిగల్ సన్, అంటే ఆస్తి తగలేసే కొడుకు. ఆ విశేషణం వెనక ఉన్న లాటిన్ క్రియకు ముందుకు తోలేయడం అని అర్థం. డబ్బును అలా బయటికి తోలేశాడన్నమాట. మన క్రైస్తవులు మాత్రం అతన్ని తప్పిపోయిన కుమారుడు అంటారు. ఖర్చు సంగతి వదిలి దారి తప్పడాన్ని పట్టుకున్నారు. ప్రాడిగల్‌కు అది అనువాదం కాదు గానీ, గిరి దాటి తిరిగిన ఎక్స్‌ట్రావగెంట్‌కు ఎంత దగ్గరగా ఉందో!

అతను చేసిన ఖర్చును నేను దుబారా అనే రాస్తాను. విలాసం అంటే అతని పట్ల మెతకదనం చూపినట్టవుతుంది. ఆస్తి కరిగి, పందుల మేతకు ఆశపడే దాకా వచ్చిన కథలో నష్టమే ముందు కనబడాలి. మెప్పు, వర్ణన, కోరిక హద్దు మీరినప్పుడు మాత్రం దుబారా పనికిరాదు. అక్కడ 'మితిమీరిన' అన్న విశేషణమే ఇంగ్లీషు మూలానికి న్యాయం చేస్తుంది.

అదే కథలో ఇంకో ఖర్చు ఉంది. కొడుకు తిరిగి రాగానే తండ్రి కొవ్విన దూడను కోయించి, పాటలతో, నాట్యంతో విందు చేయిస్తాడు. పొలం నుంచి వచ్చిన పెద్ద కొడుక్కి ఒళ్ళు మండింది. తెలుగువాడైతే దాన్ని దుబారా అనే తిట్టేవాడు. అనువాదకుడు అతని పక్షం చేరకూడదు. ఇక్కడికి లెక్క చూసుకోకుండా ఇచ్చేదాన్ని చెప్పే ఇంగ్లీషు మాట లావిష్ కావాలి. పాత ఫ్రెంచిలో కుండపోత వానకున్న పేరు నుంచి వచ్చిన మాట అది. దానికి మన దగ్గర ధారాళం ఉంది. అందులోనూ నీటిధారే. తండ్రి పెట్టిన విందుకు నేను రాసేది ఆ మాటే.