ఇమాటినిబ్ మాత్ర ఎలా ఉందంటే: ఏళ్లుగా వాడుతున్న నా అభిప్రాయం

రిపోర్టులో క్రానిక్ మైలాయిడ్ లుకేమియా, అంటే సీఎంఎల్ అనే రక్త క్యాన్సర్ అని వచ్చి, డాక్టర్ ఇమాటినిబ్ రాసిస్తే ఆ రాత్రే ఫోన్‌లో దాని గురించి వెతికేవాళ్ల కోసం రాస్తున్నా. నేను ఏళ్లుగా రోజూ వేసుకుంటున్న మాత్ర ఇది. ఐదుకి నాలుగున్నర స్టార్లు ఇస్తాను. ఆ అర ఎందుకు కోశానో తర్వాత చెబుతా. ముందు ఇది లోపల ఏం చేస్తుందో చెప్పాలి, ఎందుకంటే అది అర్థమైతే గానీ ఒక్క రోజు కూడా ఎందుకు మానకూడదో తలకెక్కదు.

మన కణాల్లో ప్రోటీన్ కైనేజ్‌లు అనే ఎంజైములు 500కి పైగా రకాలున్నాయి. కణానికి శక్తినిచ్చే ఏటీపీ అనే అణువు నుంచి ఒక ఫాస్ఫేట్ తీసి ఇంకో ప్రోటీన్‌కి తగిలించడం వీటి పని. ఆ ఫాస్ఫేట్ తగిలిందా లేదా అన్నదాన్ని బట్టి ఆ ప్రోటీన్ పనిచేయడమో ఆగడమో జరుగుతుంది. కణం ఎప్పుడు రెండుగా చీలాలి, ఎప్పుడు ఊరుకోవాలి, ఎప్పుడు చనిపోవాలి అన్న కబుర్లలో చాలావరకు ఈ దారిలోనే నడుస్తాయి. సీఎంఎల్‌లో 9వ, 22వ క్రోమోజోముల ముక్కలు తారుమారై, బీసీఆర్ అనే జన్యువుకి ఏబీఎల్ అనే కైనేజ్ జన్యువు అతుక్కుంటుంది. అలా పుట్టిన బీసీఆర్-ఏబీఎల్ ప్రోటీన్ ఆన్‌లోనే ఇరుక్కుపోయిన స్విచ్ లాంటిది, ఎవరూ చెప్పకపోయినా తెల్లకణాలను పెంచుతూనే పోతుంది. పొట్టిగా మారిన ఆ 22వ క్రోమోజోమ్‌ని 1960లో నోవెల్, హంగర్‌ఫర్డ్ అనే ఇద్దరు ఫిలడెల్ఫియాలో గుర్తించారు, అందుకే దానికి ఆ నగరం పేరు. ముక్కలు చేతులు మారుతున్నాయని 1973లో జానెట్ రౌలీ తేల్చారు. మన రిపోర్టుల్లో కనిపించే టి(9;22) అన్న రాత ఇదే.

ఇమాటినిబ్ వెళ్లి సరిగ్గా ఆ కైనేజ్‌లో ఏటీపీ కూర్చునే చోటులో కూర్చుంటుంది. ఏటీపీకి చోటు లేదు, ఫాస్ఫేట్ లేదు, కబురు లేదు. ఆ కబురు మీదే బతుకుతున్న లుకేమియా కణాలు పడిపోతాయి. పాతరకం కీమో వేగంగా చీలే కణం ఏదైనా దాని మీద పడుతుంది, మంచిదా చెడ్డదా చూడదు. ఇది ఏబీఎల్, కిట్, పీడీజీఎఫ్ఆర్ లాంటి కొద్ది కైనేజ్‌లనే పట్టుకుంటుంది. నాకు నిజంగా నచ్చింది ఇదే.

ఫలితం సంగతి. అమెరికా డాక్టర్ బ్రయన్ డ్రూకర్ బృందం 1998లో మనుషుల మీద మొదటి ట్రయల్ మొదలుపెట్టింది. అప్పట్లో వాడే ఇంటర్‌ఫెరాన్ అనే మందు పనిచేయనివాళ్లకి ఇచ్చి చూస్తే, రోజుకి 300 మిల్లీగ్రాములు లేదా అంతకన్నా ఎక్కువ తీసుకున్న 54 మందిలో 53 మందికి రక్తకణాల లెక్కలు మామూలు స్థాయికి వచ్చాయి. 2001 మేలో అమెరికాలో అనుమతి వచ్చింది. ఆ తర్వాత 1,106 మందితో జరిగిన ఐరిస్ ట్రయల్‌లో, ఇమాటినిబ్‌తో మొదలుపెట్టినవాళ్లలో పదేళ్ల తర్వాత బతికి ఉన్నవాళ్లు దాదాపు 83 శాతం. అంతకుముందు ఇంటర్‌ఫెరాన్ ఇంజెక్షన్లు, లేకపోతే ఎముక మజ్జ మార్పిడి, ఇవే దారులు. ఈ అంకెలు చదివిన రోజు నాకు సగం టెన్షన్ తగ్గింది, కాబట్టి మీరూ చదవండి.

ఇప్పుడు ఆ అర స్టార్. పొద్దున లేవగానే కళ్ల చుట్టూ వాపు, అద్దంలో చూసుకుంటే రాత్రంతా ఏడ్చినట్టు ఉంటుంది. అర్ధరాత్రి పిక్కలు పట్టేసి లేచి నిలబడాల్సి వస్తుంది. వికారం, నీరసం, కొందరికి విరేచనాలు, ఒంటి మీద దద్దుర్లు. మొదటి నెలల్లో తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు బాగా పడిపోవచ్చు, అందుకే అప్పుడు రక్తపరీక్షలు తరచూ చేస్తారు, భయపడకండి. బరువు ఒక్కసారిగా పెరిగినా, ఆయాసం వచ్చినా మాత్రం ఒంట్లో నీరు చేరుతోందేమోనని వెంటనే చెప్పాలి. నేను మొదటిసారి మాత్రలు తీసుకున్న మందుల షాపులో డబ్బా చేతికిచ్చి పంపించారే తప్ప, భోజనం చేశాకే పెద్ద గ్లాసు నీళ్లతో వేసుకోవాలన్న ఒక్క ముక్క చెప్పలేదు. ఖాళీ కడుపుతో వేసుకుని నానా అవస్థ పడ్డాను. అది మందు తప్పు కాదు, అందుకని దానికి మార్కులు కోయలేదు, కానీ చెప్పాల్సినవాళ్లు చెప్పకపోతే చాలామంది వాంతులకి భయపడి మందే మానేస్తారు, అది నాకు చాలా బాధ.

ఇంకో సంగతి, ఇది లివర్‌లో సీవైపీ3ఏ4 అనే ఎంజైమ్ ద్వారా విరిగిపోతుంది. టీబీకి వాడే రిఫాంపిసిన్, మూర్ఛకి వాడే ఫెనిటాయిన్ దీని బలం తగ్గిస్తాయి, కొన్ని ఫంగస్ మందులు, గ్రేప్‌ఫ్రూట్ రసం దీన్ని రక్తంలో పెంచేస్తాయి. జలుబుకైనా సరే, కొత్త మాత్ర వేసుకునే ముందు డాక్టర్‌ని అడగండి. గర్భం ప్లాన్ చేసుకునే ఆడవాళ్లు ముందే చెప్పడం తప్పనిసరి, కడుపులో బిడ్డకి ప్రమాదం ఉంది.

ఒంట్లో బాగుంది కదా అని అప్పుడప్పుడు మానేసేవాళ్లతోనే నా గొడవంతా. 2010లో వచ్చిన ఒక అధ్యయనంలో, రాసిచ్చిన మోతాదుల్లో 90 శాతానికి పైగా వేసుకున్నవాళ్లలో ఆరేళ్లకి బీసీఆర్-ఏబీఎల్ వెయ్యో వంతుకి తగ్గే అవకాశం 94 శాతం పైనే, అంతకన్నా తక్కువ వేసుకున్నవాళ్లలో 28 శాతమే. ఒకే మందు, తేడా అంతా వేసుకోవడంలో. అలాగే రక్తంలో బీసీఆర్-ఏబీఎల్ ఎంత మిగిలిందో కొలవడానికి మూడు నెలలకోసారి చేసే పీసీఆర్ టెస్ట్ కూడా వదలకండి. మూడు నెలలకి 10 శాతం లోపు, ఏడాదికి 0.1 శాతం లోపు రావాలని చూస్తారు. మామూలు రక్తపరీక్ష బాగున్నంత మాత్రాన లోపల జబ్బు అణిగిందని కాదు.

అంకె మళ్లీ పెరుగుతుంటే ముందు మాత్రలు సరిగ్గా వేసుకుంటున్నారా అని అడుగుతారు, ఆ తర్వాత కైనేజ్‌లో మ్యుటేషన్, అంటే జన్యు మార్పు, వచ్చిందేమో చూస్తారు. ఇదే కోవకి చెందిన డాసాటినిబ్, నిలోటినిబ్ అనే మందులు ఇంకా బలంగా పట్టుకుంటాయి, కానీ డాసాటినిబ్‌తో ఊపిరితిత్తుల చుట్టూ నీరు చేరొచ్చు, నిలోటినిబ్ క్యాప్సూల్‌ని ఖాళీ కడుపుతోనే వేసుకోవాలి, గుండె లయ మీద కన్నేయాలి. టీ315ఐ అనే మ్యుటేషన్‌కి ఈ మూడూ లొంగవు. దానికి పొనాటినిబ్ ఉంది, రక్తనాళాలు మూసుకుపోయే ప్రమాదంతో పాటు. 2021లో వచ్చిన ఆసిమినిబ్ ఏటీపీ చోటుని వదిలేసి అదే కైనేజ్‌లో వేరే చోట కూర్చుంటుంది, నాకైతే ఈ ఆలోచన ఎంతో ముచ్చటేసింది.

పక్కింటివాళ్ల క్యాన్సర్‌కి కూడా ఇది పనికొస్తుందా అని అడగొద్దు. ఒక్కో క్యాన్సర్‌లో పాడయ్యే కైనేజ్ వేరు. జీర్ణవ్యవస్థలో వచ్చే జిస్ట్ గడ్డల్లో ఎక్కువగా కిట్ పాడవుతుంది కాబట్టి అక్కడ ఇమాటినిబ్ పనిచేస్తుంది. కొన్ని ఊపిరితిత్తుల క్యాన్సర్లలో ఈజీఎఫ్ఆర్, వాటికి ఒసిమెర్టినిబ్ లాంటివి. మెలనోమాలో దాదాపు సగం మందికి బీరాఫ్, దానికి వెమురాఫెనిబ్. టెస్ట్ చేసి ఏ కైనేజో తేల్చుకోకుండా ఇవి వాడితే లాభం లేదు.

మాత్ర ఎప్పటికైనా ఆపొచ్చా అంటే, ఏళ్ల తరబడి పీసీఆర్‌లో జబ్బు చాలా లోతుగా అణిగి ఉన్న కొందరికి డాక్టర్లే ఆపి చూస్తున్నారు. అలా ఆపినవాళ్లలో సుమారు సగం మందికి తిరిగి వస్తోంది, అదీ ఎక్కువగా మొదటి ఆరు నెలల్లోనే. మళ్లీ మాత్ర మొదలుపెడితే దాదాపు అందరికీ అదుపులోకి వస్తోంది. కానీ ఆ నెలల్లో పీసీఆర్ ఇంకా దగ్గరదగ్గరగా చేయించుకోవాలి, సొంతంగా మాత్రం ఆపేయొద్దు.