నాగార్జునకొండ ప్యాకేజీకి అడ్వాన్స్ కట్టబోతున్నారా? ఒక్క నిమిషం ఆగండి

ఇప్పుడే మా ట్రిప్ ప్యాకేజీ మాట్లాడిన బండి ఓనర్ వాట్సాప్ స్టేటస్ చూశాను. మా ఇంటిల్లిపాదీ వరసగా నిలబడ్డ ఫొటో, కింద "నాగార్జునకొండ ట్రిప్ సూపర్ సక్సెస్" అని, పక్కన దండం పెట్టే బొమ్మలు మూడు. సక్సెస్సట! మేం నాగార్జునకొండ మీద కాలే పెట్టలేదు. ఒళ్లు మండిపోతోంది, రాతలో ముందూ వెనకా అయితే సర్దుకుని చదువుకోండి.

పేరు రాయను. తిరుపతిలో ఎప్పుడైనా బండి మాట్లాడుకున్నవాళ్లకు "మీరేం టెన్షన్ పడొద్దు సామీ, అంతా నేను చూసుకుంటా కదా" అన్న మాట చాలు, మనిషెవరో తెలిసిపోతుంది.

మా మామగారు చిత్తూరు దగ్గర హైస్కూల్లో ముప్పై ఏళ్లకు పైగా సోషల్ చెప్పి రిటైరయ్యారు. ఒకప్పుడు నాగార్జునకొండ లోయ నుంచి ఏలిన ఇక్ష్వాకుల పాఠం వస్తే బోర్డు మీద బండి చక్రం గీసి, "మహాచైత్యం పునాది ఇట్లుంటాది, ఆకులతో సహా" అని అక్కడి పెద్ద బౌద్ధ స్తూపం గురించి చెప్పేవారట. మా ఆవిడ ఇప్పటికీ ఆ బొమ్మ గీసి చూపిస్తుంది. ఇన్నేళ్లు పాఠం చెప్పిన మనిషి ఆ చోటు మాత్రం చూడలేదు. ఇప్పుడు డెబ్భై నాలుగు. ఈ ఏడాది ఎట్లాగైనా తీసుకెళ్దామని నేనే ముందు పడ్డాను. ఆరుగురం, 24,000. బండి, రూము, భోజనం, లాంచీ టికెట్లు అన్నీ అందులోనే. గురువారం రాత్రి బయల్దేరడం, శుక్రవారం చూడటం, శనివారం తెల్లారేసరికి ఇల్లు.

"శనాదివారాలు జనం సామీ, శుక్రవారమైతే రష్ లేకుండా హాయిగా చూసుకోవచ్చు" అన్నాడు. ఆ ఒక్క మాట నిలబెట్టుకున్నాడు, ఒప్పుకోవాలి. నాగార్జునకొండ అంటే సాగర్ నీళ్ల మధ్య ద్వీపం, లాంచీలో వెళ్లాలి. ఆ ద్వీపం మీది మ్యూజియానికి ప్రతి శుక్రవారం సెలవు. విజయపురి సౌత్‌లో లాంచీల రేవు దగ్గర మేమూ రెండు కుక్కలూ తప్ప ఎవరూ లేరు. అంత రష్ లేకుండా నా జన్మలో ఏ ఊరూ చూడలేదు.

నవ్వుకోండి, నేనూ నవ్వుకుంటా. బ్యాంకులో లోన్ ఫైళ్లు చూసే ఉద్యోగం నాది. జనం పెట్టిన సంతకంలో పొల్లు తేడా ఉన్నా వెనక్కి పంపిస్తాను. బయల్దేరే ముందు మా మామగారు అడిగారు కూడా, "నాయనా, మ్యూజియాలకు వారానికొక సెలవుంటాది, ఒకమాటు కనుక్కుంటివా?" అని. "ఆయన ఎప్పుడూ తీసుకెళ్లేవాడే మామా, ఆయనకు తెలీదా" అన్నాను. ఫోన్ చేతిలోనే ఉంది. చూడటానికి అర నిమిషం పట్టేది.

ఇక అసలు సంగతి. రేవు మూసుందని తెలిశాక డ్రైవర్ పిల్లోడు పక్కకెళ్లి ఓనర్‌తో ఏదో మాట్లాడొచ్చి, "ఇంకో దారి ఉంది సార్, బండిలోనే పోవచ్చు" అన్నాడు. మా ఆడవాళ్లు సంతోషపడ్డారు. కాసేపట్లో ఇటుక మెట్లు నాలుగు వైపులా కిందికి దిగే పెద్ద రంగస్థలం దగ్గర ఆపి, "ఇదే సార్ నాగార్జునకొండ, నిలబడండి ఫొటో తీస్తా" అన్నాడు. అందరం నిలబడ్డాం. ఆ ఫొటోనే ఇవాళ్టి స్టేటస్.

ఫొటో అయ్యాక మా మామగారు చుట్టూ ఒకసారి తిరిగి చూశారు. కండువాతో కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశారు.

"నీళ్లు యాడ నాయనా?"

"ఏం నీళ్లు మామా, తాగేందుకా?"

"కాదప్పా. కొండ చుట్టూ నీళ్లుండాల కదా. మనం నీళ్లు దాటకుండానే వచ్చినామే."

అప్పుడు చూశాను బోర్డు. అనుపు.

తెలియనివాళ్ల కోసం. 1955 డిసెంబరు 10న నెహ్రూ సాగర్ డ్యాముకు శంకుస్థాపన చేశారు. లోయంతా మునిగిపోతుందని 1954 నుంచి 1960 దాకా అక్కడ గబగబా తవ్వకాలు జరిపారు. బయటపడ్డ కట్టడాల్లో ముఖ్యమైనవాటిని కొన్ని కొండపైకి చేర్చి మళ్లీ కట్టారు. ఆ కొండే నీళ్ల మధ్య మిగిలిన ద్వీపం. ఇంకొన్నింటిని ఒడ్డున అనుపులో పేర్చారు. రంగస్థలం, ఓ విహారం శిథిలాలు అట్లా వచ్చినవే. బాగుంటాయి, అనుపు మీద నాకేం కోపం లేదు. వెళితే తప్పకుండా చూడండి. కానీ మా మామగారు బోర్డు మీద గీసిన చక్రం, ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి మేనత్త చాంతిసిరి కట్టించిన మహాచైత్యం, అది ద్వీపం మీదుంది. మ్యూజియంలోని శిల్పాలూ అక్కడే. మేం డబ్బులు కట్టింది దానికి.

ఓనర్‌కి ఫోన్ చేశాను. స్పీకర్‌లో పెట్టడం నా తప్పే, ఇప్పుడనిపిస్తోంది. మర్యాదగానే మొదలుపెట్టాను. "సరే, పొరపాటైంది. ఈ రాత్రి ఇక్కడే ఉంటాం, రేపు పొద్దున్నే లాంచీ ఎక్కి చూసి బయల్దేరతాం, రూము డబ్బులు నేనే పెట్టుకుంటా" అన్నాను. శనివారం బండికి కాణిపాకం బుకింగ్ ఉందట, కుదరదట. శుక్రవారమే ఎందుకు పట్టుబట్టాడో అప్పుడు వెలిగింది నాకు. మరి ఆ పెద్దాయనకు ఏం చెప్పమంటావని గట్టిగానే అడిగాను. అప్పుడన్నాడు:

"ఏముంది సామీ, రాళ్లే కదా. ఆడైనా రాళ్లే, ఈడైనా రాళ్లే. పెద్దాయనకు తెలిసేదేముంది?"

పెద్దాయన నా పక్కనే, మెట్టు మీద కూర్చుని ఉన్నారు. ఏమీ అనలేదు. చేతికందిన ఇటుక మీద దుమ్ము తుడుస్తూ, "పోనీలే నాయనా, పిల్లోణ్ణి తిట్టబాక, వాడేం చేస్తాడు" అన్నారు, డ్రైవర్ని చూపించి. మా ఆవిడ అప్పట్నుంచి నాతో సరిగ్గా మాట్లాడటం లేదు. 24,000 పోయినందుకు కాదు. ఆ స్పీకర్ ఎందుకు పెట్టావని.

బండి వదిలేసి అక్కడే ఉండిపోవాల్సింది. శనివారం చూసుకుని మాచర్ల నుంచి ఏదో ఒక బస్సు పట్టుకుని రావాల్సింది. ఆ తెలివి ఇంటికొచ్చి కాఫీ తాగాక వచ్చింది.

డబ్బు వెనక్కి ఇవ్వమని అడిగితే "లాంచీ టికెట్ల లెక్క" అని 900 ఫోన్‌పే చేశాడు. మిగతాది బండి తిరిగిన కిలోమీటర్లకు సరిపోయిందట. రసీదు అడిగితే, మేం నమ్మకం మీద పనిచేస్తాం సామీ అన్నాడు. నా దగ్గరున్నది "లాంచీ ఇన్‌క్లూడెడ్" అన్న వాట్సాప్ మెసేజ్ ఒక్కటే. అది పట్టుకుని వినియోగదారుల ఫోరానికి వెళ్లొచ్చు అంటున్నాడు మా కొలీగ్. చూడాలి.

మీరెవరైనా వెళ్లేట్టయితే శుక్రవారం మాత్రం పెట్టుకోకండి. మీరు వెళ్లే రోజు లాంచీ నడుస్తుందో లేదో రేవుకు మీరే ఫోన్ చేసి కనుక్కోండి, ఏజెంటును అడగొద్దు. అడ్వాన్స్ సగానికి మించి కట్టకండి. ఏమేం చూపిస్తారో పేరుపేరునా రాయించుకోండి, "నాగార్జునకొండ" అని కాదు, "నాగార్జునకొండ ద్వీపం, మ్యూజియం" అని.

ఆ ఫొటో తీసెయ్యమని గంట కిందట ఆయనకు మెసేజ్ పెట్టాను. రెండు నీలం టిక్కులు పడ్డాయి. స్టేటస్ ఇంకా అట్లాగే ఉంది.