ఓక్ తోపులో డబ్బా వేట: లాస్ ఓసోస్‌లో రెండు రోజులు

కాలిఫోర్నియా తీరంలోని మోరో బే వెళ్ళేవాళ్ళంతా అక్కడి 576 అడుగుల రాయిని చూడటానికే వెళ్తారు. మేమూ అందుకే బయల్దేరాం. శాన్ హోసే నుంచి 101 హైవే మీద మూడు గంటల పైనే పట్టింది. తీరా చేరేసరికి పొగమంచు కమ్మేసి, రాయి మోకాళ్ళ దాకానే కనిపించింది. తొమ్మిదేళ్ళ మావాడు "ఇంతేనా?" అన్నాడు. మా ఆయన ఇక లాభం లేదని ఫోన్‌లో జియోకాషింగ్ యాప్ తెరిచారు.

ఎవరో ఒక డబ్బా దాచి, ఆ చోటి అక్షాంశ రేఖాంశాలు యాప్‌లో పెడతారు. మనం వెతికి పట్టుకుని, లోపలి పుస్తకంలో పేరు రాసి, ఎక్కడిది అక్కడే పెట్టేయాలి. అంతే ఆట. 2000 మేలో అమెరికా ప్రభుత్వం పౌరుల జీపీఎస్‌లో కావాలని పెట్టిన తేడాను తీసేసిన రోజుల్లోనే ఆరెగాన్‌లో డేవ్ అల్మర్ మొదటి బకెట్ దాచాడు.

ముందు పక్క ఊరు లాస్ ఓసోస్‌లోని ఓక్స్ రిజర్వ్ అనే రక్షిత వనానికి వెళ్ళాం. టికెట్ లేదు, కుక్కల్ని రానివ్వరు, బాట దిగకూడదు. పాత ఇసుక దిబ్బల మీద పెరిగిన కోస్ట్ లైవ్ ఓక్ చెట్లవి. వందల ఏళ్ళ వయసున్నా సారం లేని ఇసుక వల్ల కొన్ని మరీ పొట్టిగానే ఉండిపోయాయి. కొమ్మలు నేల మీద పాకి, మళ్ళీ లేచాయి. వాటి నుంచి లేస్ లైకెన్ అనే నాచులాంటిది చిరిగిన చేపల వలలా వేలాడుతోంది. రాయికంటే దీనికే నా ఓటు.

మేం వెతికిన డబ్బా ఉన్నది రిజర్వ్‌లో కాదు, అక్కడికి కాస్త దూరంలోని మరో తోపులో. ఎక్కడో చెప్తే ఆట పాడవుతుంది. కొమ్మల కింద జీపీఎస్ తిన్నగా పనిచేయదు. బాణం గుర్తు ఒకసారి ముందుకు, ఒకసారి వెనక్కి. అరగంట తిరిగాక, "మూడు కాళ్ళ ముసలిదాని వెనక" అన్న క్లూ మావాడికే వెలిగింది. ఒకే మొదలు నుంచి మూడు మానులు లేచిన చెట్టు! దాని సందులో, రాలిన ఆకుల కింద, ఆకుపచ్చ టేపు చుట్టిన లంచ్ బాక్స్. ఆ ఆకు ఒకటి చేతిలోకి తీసుకుని చూడండి: అంచుల్లో ముళ్ళు, బోర్లించిన దొన్నెలా వంపు. డబ్బా లోపల తడిసిన పుస్తకం, రెండు గోళీలు, ఒక ప్లాస్టిక్ డైనోసార్. మావాడు డైనోసార్ తీసుకుని, బదులుగా అష్టాచెమ్మా గవ్వ ఒకటి పెట్టాడు. ఏదైనా తీసుకుంటే అంత విలువైనది పెట్టాలని రూలు. ఆ గవ్వ మా అమ్మమ్మది, ఆ సంగతి ఇంటికొచ్చాకే నాకు తెలిసింది.

బస విషయానికొస్తే, సముద్రం ఎదురుగా గది అని ఎక్కువ డబ్బు పెట్టాం. పొద్దున్న కిటికీలోంచి పొగమంచు తప్ప ఏమీ కనపడలేదు, రాత్రంతా సీ లయన్ల అరుపులు. హీటర్ పనిచేయట్లేదంటే రిసెప్షన్‌లో ఇంకో దుప్పటి చేతికిచ్చారు. మళ్ళీ వెళ్తే దగ్గర్లోని ఊరు శాన్ లూయిస్ ఒబిస్పోలోనే దిగుతాం. గురువారం సాయంత్రమైతే అక్కడ వీధి సంత కూడా ఉంటుంది. శాకాహారులకు తీరంలో పెద్దగా ఏమీ దొరకదు. మేం తీసుకెళ్ళిన పులిహోరే రెండు పూటలు ఆదుకుంది.

మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళతో వెళ్తే అక్కడికి దగ్గర్లోనే ఉన్న ఎల్ఫిన్ ఫారెస్ట్ మేలు. పొట్టి ఓక్‌ల మధ్య చెక్క బాట ఉంటుంది.

పాయిజన్ ఓక్‌తో మాత్రం జాగ్రత్త. మూడేసి ఆకులుంటాయి, చూడ్డానికి చిన్న ఓక్ మొక్కలాగే ఉంటుంది. తగిలితే మన దురదగొండిలా అప్పటికప్పుడు తెలియదు. తోపులోంచి రాగానే చేతులు సబ్బుతో కడగమని నేను పోరుతూనే ఉన్నాను. మావాడు కడిగాడు. మా ఆయనకు మూడో రోజు, ఆఫీసు మీటింగ్‌లో ఉండగా, మణికట్టు మీద బొబ్బలు మొదలయ్యాయి.