నడుము నొప్పితో డెడ్‌లిఫ్ట్ నేర్చుకునేవారికి మామూలు బార్‌బెల్లా, ట్రాప్ బారా?

డెడ్‌లిఫ్ట్ అంటే నేల మీది బరువును పట్టుకుని నిటారుగా నిలబడే వ్యాయామం. మామూలు బార్‌బెల్ (రెండు చివర్లా బరువు ప్లేట్లు వేసే తిన్నని కడ్డీ) కాళ్ల ముందు ఉంటుంది కనుక, ఎత్తేటప్పుడు అది కాళ్లకు ఆనుకోకుండా కొద్దిగా ముందుకు జరిగినా నడుము కింది భాగం మీద భారం వెంటనే పెరుగుతుంది. పైగా 45 సెంటీమీటర్ల వ్యాసమున్న ప్లేట్లు వేసినా బార్ నేలకు దాదాపు 22 సెంటీమీటర్ల ఎత్తులోనే ఉంటుంది. తొడ వెనుక కండరాలు బిగుసుకుపోయినవారు అంత కిందికి వెళ్లేటప్పుడు తుంటి దగ్గర వంగాల్సింది పోయి నడుమును గుండ్రంగా వంచేస్తారు. కొత్తవారిలో నొప్పి తరచుగా ఇక్కడే మొదలవుతుంది.

ట్రాప్ బార్ అంటే మధ్యలో ఖాళీ ఉన్న చట్రంలాంటి బార్; మనిషి ఆ చట్రం మధ్యలో నిలబడి పక్కనున్న పిడులను పట్టుకుంటాడు, అందువల్ల బరువు తుంటికి దగ్గరగా ఉండి మొండెం మరింత నిటారుగా నిలుస్తుంది. ఎత్తైన పిడులుంటే వంగాల్సిన దూరం ఇంకా తగ్గుతుంది. అయితే మోకాళ్లకు పని పెరుగుతుంది, తుంటిని వెనక్కి నెట్టి వంగే అలవాటు అంతగా పట్టుబడదు. పవర్‌లిఫ్టింగ్ పోటీలకు వెళ్లదలచినవారికి మామూలు బార్ ఎలాగూ తప్పదు.

నొప్పి తగ్గేవరకు ట్రాప్ బారే మేలని నా అభిప్రాయం. ఆ తర్వాత మామూలు బార్‌ను దిమ్మెల మీద ఎత్తుగా పెట్టి, తక్కువ బరువుతో మొదలుపెట్టి, నడుము తిన్నగా నిలుస్తున్న కొద్దీ ఆ ఎత్తును తగ్గించుకుంటూ రావచ్చు. నొప్పి కాలిలోకి పాకినా, తిమ్మిరి లేదా బలహీనత కనిపించినా రెండింటినీ ఆపి వైద్యుణ్ణి కలవాలి.