సొరకాయకు ఏకాగ్రత 78 వచ్చింది, న్యూరోఫీడ్‌బ్యాక్ మెషీన్ కొనబోయేవాళ్ళు కాస్త ఆగండి

రాత్రంతా నిద్ర లేదు. క్లినిక్ తెరవకముందే కూర్చుని రాస్తున్నాను, తప్పులుంటే సర్దుకోండి. మెదడు తరంగాలని స్క్రీన్ మీద చూపించి, వాటిని మార్చుకోవడం నేర్పే పద్ధతి న్యూరోఫీడ్‌బ్యాక్. ఆ మెషీన్ నాకు అమ్మినాయన పేరు చెప్పను, చెప్పాల్సిన పని కూడా లేదు. మన సైకాలజిస్టులందరి ఫోన్లకీ ఆయన మెసేజ్‌లు వస్తూనే ఉంటాయి కదా, నీలం కోటు, వెనకాల మెరిసే మెదడు బొమ్మ, "రెండు రోజుల్లో ఇంటర్నేషనల్ సర్టిఫికేట్". ఆయనే.

ఎం.ఫిల్. చేసి, గుంటూరులో ఇన్నేళ్ళుగా ప్రాక్టీసు చేస్తున్న నేను 2,85,000 రూపాయలు పోసి ఈయన చేతిలో పడ్డాను. మెషీన్, సాఫ్ట్‌వేర్, హైదరాబాద్ హోటల్లో ట్రైనింగ్, మధ్యాహ్నం బిర్యానీ. బిర్యానీ మాత్రం బాగుంది, అబద్ధం ఎందుకు.

ట్రైనింగ్‌లో పిల్లుల కథ చెప్పాడు. అమెరికాలోని యూసీఎల్‌ఏ యూనివర్సిటీలో బ్యారీ స్టెర్మన్ అనే పరిశోధకుడు 1960లలో పిల్లులకు మెదడులో 12-15 హెర్ట్జ్ లయ పెంచుకోవడం నేర్పాడు, తర్వాత రాకెట్ ఇంధనంలో వాడే రసాయనం విషప్రభావం పరీక్షించినప్పుడు ఆ పిల్లులే ఫిట్స్‌కి ఎక్కువ తట్టుకున్నాయి. ఇది నిజమే, చదువుకునే రోజుల్లో మేమూ విన్నదే. ఆ కథ పక్కన పెట్టి అమ్మేసరికి ఈ మెషీన్ కూడా నిజమే అనుకున్నాను. పోనీ అడగలేదా అంటే అడిగాను. అమెరికాలో ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత నిలవక, కుదురుగా ఉండలేని సమస్య) ఉన్న 144 మంది పిల్లల మీద చేసిన డబుల్ బ్లైండ్ ట్రయల్ (ఎవరికి అసలుది ఇస్తున్నారో పిల్లలకీ, పరీక్షించేవాళ్ళకీ తెలియని పరీక్ష) 2021లో వచ్చింది కదా సార్, అసలు ట్రైనింగ్ పొందినవాళ్ళకీ ఉత్తుత్తి ట్రైనింగ్ పొందినవాళ్ళకీ ఏకాగ్రతలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు, రెండు గుంపులూ బాగుపడ్డాయి, మరి దీని సంగతేంటి అన్నాను. "అది అమెరికా పిల్లల మీద మేడమ్" అన్నాడు. హాలంతా నవ్వింది. నేనూ నవ్వాను. లేచి వచ్చేయాల్సింది అప్పుడే.

సరే, క్లినిక్‌లో పెట్టాం. మొదటి పేషెంట్ తొమ్మిదేళ్ళ బాబు, వాళ్ళ నాన్న మిర్చి యార్డులో గుమాస్తా. తలకి బ్యాండు కడతాం, మనసు నిలిపితే స్క్రీన్ మీద రాకెట్ ఎగురుతుంది. పదకొండో సెషన్‌లో నేను ఫైలు రాసుకుంటుంటే ఆ బాబు దురదగా ఉందని బ్యాండు తీసి టేబుల్ మీద పెట్టాడు. కాసేపటికి, "ఆంటీ, నేను లేకపోయినా ఎగురుతోంది" అన్నాడు.

చూశాను. ఎగురుతోంది.

ఆ రాత్రి మెషీన్ ఇంటికి తెచ్చి, వంటింట్లో ఉన్న సొరకాయకి తడి గుడ్డ చుట్టి బ్యాండు కట్టాను. పదిహేను నిమిషాలు. ఏకాగ్రత 78. ఆ బాబుకి ఎప్పుడూ 71 దాటలేదు. సొరకాయ కోతలు అంటాం కదా, ఆ మాట ఇంత సూటిగా తగులుతుందనుకోలేదు. వీడియో తీశాను.

కిటుకు అర్థమయ్యాక ఇంకా మండింది. తల మీద నుంచి వచ్చే సిగ్నల్ మైక్రోవోల్టుల్లో ఉంటుంది, పళ్ళు బిగిస్తే కండరాల కరెంటు దాన్ని మింగేస్తుంది, గోడలోని వైర్ల నుంచి వచ్చే 50 హెర్ట్జ్ రొద సరేసరి. మంచి మెషీన్ అయితే బ్యాండులోని ఎలక్ట్రోడ్ చర్మానికి సరిగా ఆనలేదని చెప్పి ఆపేస్తుంది. ఇందులో ఆ చెకింగే లేదు, అసలు మెదడు తరంగం కనపడదు, స్కోరు, రాకెట్, అంతే. పైగా థ్రెషోల్డ్, అంటే రాకెట్ ఎగరడానికి దాటాల్సిన గీత, దానంతటదే మారుతుంది. ఏ సిగ్నల్ వచ్చినా పదిసార్లలో ఎనిమిదిసార్లు రాకెట్ ఎగిరేలా గీతని కిందికి జరుపుకుంటూ పోతుంది. నిజాయతీగా పనిచేసేవాళ్ళు కూడా ఆటో థ్రెషోల్డ్ వాడతారు, కాదనను, కానీ దాన్ని ఆపుకునే వీలుంటుంది. ఇందులో ఆ బటన్ లేదు.

వీడియో పంపితే ఫోన్ చేశాడు. ముందు నవ్వు. "సొరకాయకి కూడా ఏడీహెచ్‌డీయా మేడమ్?" నేను నవ్వలేదు. డబ్బు వెనక్కి ఇవ్వండి, దీంతో నేను పేషెంట్లని చూడలేను అన్నాను. అప్పుడు గొంతు మార్చి, చిన్నపిల్లకి నచ్చజెప్పినట్టు, "పేషెంట్‌కి రాకెట్ ఎగరాలి మేడమ్, అంతవరకే. వాళ్ళకేం తెలుస్తుంది, మీరు చెప్పకపోతే?" అన్నాడు.

మీరు చెప్పకపోతే! డబ్బు పోయినందుకు ఏడవలేదు కానీ ఈ మాటకి ఏడ్చాను. ఎందుకంటే పదకొండు సెషన్లు ఆయన తరఫున ఆ అబద్ధం చెప్పింది నేనే. గ్రాఫ్ పైకి పోతోంది చూడండి అని ఆ నాన్నకి నా నోటితోనే చెప్పాను.

కన్స్యూమర్ ఫోరానికి వెళ్తానంటే, "క్లినిక్ కోసం కొన్నారు, మీరు వినియోగదారే కాదు, బిల్లు చూసుకోండి" అని పెట్టేశాడు. బిల్లు మీద "వెల్‌నెస్ ప్రోడక్ట్" అని ఉంది, సంతకం పెట్టేటప్పుడు చదవలేదు. నా కర్మ. కానీ ఆయన చెప్పిన ముక్క కూడా పూర్తి నిజం కాదు, స్వయం ఉపాధితో బతకడానికి కొనుక్కున్నవాళ్ళని 2019 చట్టం వినియోగదారులుగానే చూస్తుంది. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు పెట్టాను.

నిన్న సాయంత్రం ఆ బాబు నాన్నని పిలిచి ఫీజంతా తిరిగిచ్చాను. ఆయన తీసుకోలేదు మొదట. "మరి ఎగిరింది కదండీ, నేనూ చూశాను కదా" అన్నాడు. ఏం చెప్పను.

కొనాలనుకునేవాళ్ళకి రెండు ముక్కలు. డెమోలో అసలు తరంగం చూపించమనండి, కళ్ళు ఆర్పి, పళ్ళు బిగించి అది మారుతోందో లేదో చూడండి, తర్వాత బ్యాండు తీసి టేబుల్ మీద పెట్టండి. సర్టిఫికేట్ మాటకొస్తే, న్యూరోఫీడ్‌బ్యాక్‌కి సర్టిఫికేట్ ఇచ్చే అంతర్జాతీయ సంస్థ బీసీఐఏ వాళ్ళది రావాలంటే 36 గంటల పాఠాలు, మెంటర్ దగ్గర ప్రాక్టీసు, పరీక్ష ఉంటాయి. మాకు రెండో రోజు టీ అవగానే ఫొటోతో సహా చేతిలో పెట్టారు.

వచ్చే నెల విజయవాడలో బ్యాచ్ అట. అడ్వాన్స్ కట్టినవాళ్ళు మిగతాది ఆపండి. సొరకాయ వీడియో కావాలంటే అడగండి, పంపుతాను.