గీత పోలేదు, పూత పోయింది: స్క్రాచ్ రిమూవర్ కిట్లతో జాగ్రత్త

చలువ కళ్లద్దాల మీద గీతలు మాయం చేస్తుందని నమ్మి ఆన్‌లైన్‌లో ఒక కిట్ కొన్నాను. బాగున్న అద్దాలను చేతులారా పాడు చేసుకున్నాను. మీరూ అలాంటిది కొనబోతుంటే ముందు ఇది చదవండి.

నా కూలింగ్ గ్లాసెస్‌లో కుడి అద్దం చివర వెంట్రుకంత సన్నని గీత పడింది. జేబులో తాళంచెవులతో కలిపి పెట్టిన తప్పు నాదే. చూపుకి అదేం అడ్డం కాదు కానీ, ఒకసారి కంటపడ్డాక ధ్యాసంతా దాని మీదే. వెతికితే ఈ కిట్ దొరికింది. చిన్న ట్యూబులో తెల్లటి పేస్టు, సీసాలో ఏదో ద్రవం, ఒక మెత్తని గుడ్డ. అన్ని రకాల లెన్సులకూ పనికొస్తుందని అమ్మకం పేజీలో పెద్ద అక్షరాలతో రాశారు.

మొదటి రోజు ద్రవం మాత్రమే రాశాను. నిజంగానే గీత కనపడలేదు. ఆ సంతోషంలో ఐదు స్టార్లు కూడా ఇచ్చేశాను (తర్వాత మార్చాను లెండి). సబ్బునీళ్లతో రెండుసార్లు కడిగేసరికి గీత మళ్లీ ప్రత్యక్షం. అంటే ఆ ద్రవం గీతను తీసెయ్యలేదు, మైనంలాంటి జిడ్డుతో పూడ్చింది, అంతే. వాజిలిన్ రాసినా అదే జరుగుతుంది. ఆ మంచి రివ్యూల్లో ఎన్ని నాలాగే మొదటి రోజు రాసినవో!

అక్కడితో ఆగాల్సింది. పేస్టు తీసి, చెప్పినట్టే గుండ్రంగా రుద్దాను. తుడిచి చూస్తే నీలంగా మెరిసే అద్దం మీద వేలిముద్రంత మచ్చ. మెరుపు లేచిపోయి కింద బూడిదరంగు బయటపడింది. గీత మాత్రం చెక్కుచెదరలేదు.

ఎందుకిలా అయిందో తర్వాత అర్థమైంది. గీత పడిందంటే అక్కడ కొంత పదార్థం ఊడిపోయిందని అర్థం. దాన్ని ఏ పేస్టూ తిరిగి తేలేదు. చుట్టుపక్కల ఉన్నదాన్ని గీత లోతు దాకా అరగదీయడమే అది చేయగలిగిన పని. అద్దం పైన మెరుపు పూత మైక్రాన్‌ (మిల్లీమీటరులో వెయ్యో వంతు) కన్నా పలచన. గీతలు పడకుండా వేసే గట్టి పూత కూడా కొన్ని మైక్రాన్లే. గోరు పెడితే తగిలే గీత చాలావరకు ఆ పూతల్ని దాటే ఉంటుంది. దాన్ని చదును చేయాలంటే ముందు పూతంతా పోవాలి. పాలికార్బొనేట్ అనే ప్లాస్టిక్ లెన్సులైతే మరీ మెత్తన, ఆ గట్టి పూత వేసేదే అందుకు. పైగా చేత్తో రుద్దితే అంతటా ఒకేలా అరగదు. ఎత్తుపల్లాలొచ్చి ఆ చోట చూపు అలలుగా వంకరపోతుంది.

టూత్‌పేస్టు, వంటసోడా చిట్కాలదీ ఇదే కథ. టూత్‌పేస్టులో ఉండే సిలికా, కాల్షియం కార్బొనేట్ రాపిడి పొడులే. అసిటోన్ జోలికి అసలు పోకండి, పాలికార్బొనేట్‌ను అది తినేస్తుంది. గాజు మీద డిజైన్లు వేసే ఎచింగ్ క్రీముతో పూతంతా తీసేయమని కొందరు చెబుతారు. అందులో ఉండేవి ఫ్లోరైడ్ రసాయనాలు, చర్మానికి తగిలితే కాలుతుంది. ఒక గీత కోసం అంత సాహసం అక్కర్లేదు.

అమ్మినవాళ్లకు రాస్తే, పూత ఉన్న లెన్సులకు వాడకూడదని కాగితంలో చెప్పాం కదా అన్నారు. నిజమే, పెట్టె అడుగున మడతపెట్టిన కాగితంలో చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది. అమ్మకం పేజీలో మాత్రం ఆ మాటే లేదు. ట్యూబు తెరిచారు కాబట్టి వాపసు కుదరదట.

అమ్మకం పేజీలో పెట్టిన 'ముందు, తర్వాత' ఫోటోలు కూడా గమనించండి. ముందు ఫోటోలో వెలుతురు పక్క నుంచి పడుతోంది, తర్వాతి దాంట్లో ఎదురుగా. అనుమానమొచ్చి నా అద్దాన్నే ఎదురు వెలుతురులో ఫోటో తీశాను. ఏ కిట్టూ వాడకుండానే గీత మాయం!

చివరికి కళ్లజోళ్ల షాపుకి తీసుకెళ్లాను. నా భయమల్లా యూవీ (అతినీలలోహిత) కిరణాల నుంచి రక్షణ కూడా పోయిందేమోనని. యూవీ మీటరు పెట్టి చూసి, పర్లేదు, మీ లెన్సులు చేసిన పదార్థంలోనే ఆ రక్షణ ఉంది అన్నారు. అన్ని అద్దాలూ అలా ఉండవు, రక్షణ పూత రూపంలోనే ఉన్నవీ ఉంటాయట. అలాంటివైతే రుద్దిన చోట నలుపు ఉంటుంది, కాపుదల ఉండదు. ఫ్రేము బాగానే ఉంది కాబట్టి లెన్సులు మాత్రం మార్పించాను. "గీత ఉన్నప్పుడే తెచ్చుంటే, అలాగే పెట్టుకోండి అని పంపించేవాణ్ణి" అన్నాడు షాపాయన.

ఇంకో మాట. నిన్న వెతికితే అవే ఫోటోలతో, వేరే పేరుతో ఇంకో కిట్ కనపడింది. పేరు చూసి కాదు, ఫోటోలు చూసి గుర్తుపట్టండి.